మొక్కు తీరని జుట్టు, పోతరాజు మీసం

ముందుగా ఒక మాట

నా జీవితమంతా మగవాళ్లకు మీసాలు, ఆడవాళ్లకు కనుబొమలు నాటడంలోనే గడిచింది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు కందుకూరులో మా మేనత్త నవ్వలేక కూలబడింది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటరు. నువ్వు మీసాలే అమ్ముతున్నవా బిడ్డా?" అంది. అమ్మడం కాదత్తా, ఉన్నచోటి నుంచి తీసి లేనిచోట పెట్టడం అన్నాను. "అంటే నారు తీసి నాటు ఏసుడే గదా! గదానికి అన్నేండ్ల సదువు ఎందుకే?" అంది.

నిరుడు మెడనొప్పికి లొంగిపోయి పని మానేశాను. శంషాబాద్‌లో నేను నడిపిన ఆసుపత్రిని ఇప్పుడు నా శిష్యులు చూసుకుంటున్నారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నా దగ్గరకు వచ్చి ఏ యంత్రం కొనాలి, ఏ దేశంలో శిక్షణ తీసుకోవాలి అని అడుగుతుంటారు. అవి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక మీసం గురించి చెబుతాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు, లేచి నాలుగడుగులు తిరగాలనిపిస్తుంది.

మా పెద్దసారు

ఈ పని నేను నేర్చుకున్నది నగరంలో ఒక పెద్ద డాక్టరు దగ్గర. పేరు ఎందుకు గానీ, చెయ్యి మాత్రం మెరుపు. వెంట్రుకను వేరుతో, దాని చుట్టూ ఉండే పిసరంత చర్మంతో సహా బయటికి తీస్తాం. దాన్ని మేము కుదురు అంటాం. ఆయన కుదుళ్లు తీస్తుంటే చూడటానికి పక్క గదుల్లోంచి కూడా వచ్చేవాళ్లం. నాటడం దగ్గరకు వచ్చేసరికి ఆయనకు విసుగు. "ఎన్ని పెట్టామన్నదే లెక్కమ్మా, ఎలా పెట్టామని ఎవడూ చూడడు" అనేవారు.

ఎవడు చూడడు? అద్దం చూస్తుంది. నెత్తి మీద వెంట్రుక కొంచెం అటూ ఇటూ అయినా దువ్వెన సర్దుకుంటుంది. మీసం, కనుబొమ అలా కాదు. అక్కడ వెంట్రుక దాదాపు చర్మాన్ని ఆనుకుని పడుకుని ఉంటుంది. ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తుంది. దాన్ని నిలువుగా గుచ్చితే చీపురు పుల్లలా లేచి నిలబడుతుంది. సారు నాటిన కనుబొమలు కొన్ని అలా లేచి నిలబడటం నేను చూశాను. అవి మళ్లీ తీసి నాటడం ఎలాగో దేవుడికే తెలియాలి.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పేవారు కాదు. తలలో పుట్టిన వెంట్రుక ఎక్కడ నాటినా తల వెంట్రుకే. కనుబొమలో పెట్టినా జడ అనుకుని పెరుగుతూనే ఉంటుంది. పాతబస్తీ నుంచి ఒకావిడ ఏడాది తర్వాత మండిపడుతూ వచ్చింది. "డాక్టర్ సాబ్, నా కనుబొమలకు జడేసి పువ్వులు పెట్టాల్నా ఏంది?" అంది. నిజంగానే అవి కళ్ల మీదికి వేలాడుతున్నాయి. కత్తిరించుకోవాలమ్మా అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సారు చెప్పలేదు. కత్తెర మాట ఎత్తితే బేరం పోతుందని ఆయన భయం.

చెప్పాల్సింది ముందే చెప్పాలి, పోయే బేరం పోనివ్వాలి. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇది, అదీ ఆయన తెలిసి నేర్పింది కాదు. ఈమధ్య ఇంకో రోగం వచ్చింది. డాక్టరు ఫొటో గోడ మీద, సూది ఇంకెవరి చేతిలోనో. దాని గురించి మర్యాదగా మాట్లాడటం నా వల్ల కాదు, అందుకే వదిలేస్తున్నాను.

మాస్కు తీయని మనిషి

కరోనా పోయి అందరూ మాస్కులు పారేసిన తర్వాత కూడా మాస్కుతోనే ఒకతను వచ్చాడు. కార్తీక మాసం. తలమీద టోపీ, టోపీ కింద ముడేసిన బారెడు జుట్టు. పేరు నర్సింలు, ఊరు కొత్వాల్‌గూడ, ఎయిర్‌పోర్టు కార్గోలో నౌకరి. వెంట తల్లి అంజమ్మ. నా ఈడుదే, మనిషి గట్టిది. కొడుకు మాట్లాడాల్సినవన్నీ ఆమే మాట్లాడింది.

మాస్కు తీయించి చూశాను. గ్రహణం మొర్రి. చిన్నప్పుడే కుట్టారు, బాగానే కుట్టారు. అయితే ముక్కు నుంచి పెదవి దాకా ఎడమ పక్కన మచ్చ ఉండిపోయింది, దాని మీద ఒక్క వెంట్రుకా మొలవలేదు. మిగతా మీసమంతా ఒత్తుగా ఉండటం వల్ల ఆ ఖాళీ మరీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"ఇరవై ఎనిమిదేండ్ల సంది ఊకున్నరు గదా, ఇప్పుడెందుకొచ్చిన్రక్కా?" అని అడిగాను.

"పోతరాజు ఆడాలె డాక్టరమ్మా" అంది అంజమ్మ.

బోనాలప్పుడు ఊరేగింపుకు ముందు, ఒళ్లంతా పసుపు పూసుకుని, గజ్జెలు కట్టి, కొరడా పట్టుకుని ఆడేవాడు పోతరాజు. అమ్మవారి తమ్ముడు. ఆ ఊళ్లో అది వీళ్ల ఇంటి హక్కు. తండ్రికి మోకాళ్లు పోయాయి. కిందటి బోనాలకు నర్సింలు మొదటిసారి దిగాడు. మీసం లేని పోతరాజు ఎక్కడైనా ఉంటాడా? ఖాళీని కాటుకతో నింపుకున్నాడు. డప్పు అందుకున్న కాసేపటికే చెమటకు కాటుక కరిగి గడ్డం దాకా కారింది. పిల్లలు కేకలేశారు. ఎవరో ఫోన్లో తీశారు. మిగిలిన ఊరేగింపంతా ఒక చేత కొరడా పట్టి, ఇంకో చేత నోరు మూసుకుని ఆడాడు. వచ్చేసారి నువ్వు ఆడతావా, మీ బాబాయి కొడుకును దింపమంటావా అని పెద్దలు అడిగేశారు.

నర్సింలు అప్పుడు నోరు విప్పాడు. "కాటుకతోని మాత్రం ఆడ మేడం. ఆడితే సొంత మీసంతోనే ఆడుత, లేకుంటే ఇడిసిపెడుత."

అంజమ్మ అతన్ని బయట కూర్చోమని పంపి, నా వైపు జరిగింది. "వీడు కడుపుల ఉన్నప్పుడు గ్రాణంల నేను బయట తిరిగిన్నంట. గందుకే గిట్ల పుట్టిండని మా అత్త సచ్చేదాంక అన్నది. ఇప్పటికీ అంటరు ఊళ్లె. కాటుక కారినప్పుడు గూడ అందరు నా మొకమే చూసిన్రు."

గ్రహణానికీ దానికీ సంబంధం లేదక్కా అని చెప్పాను. తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. కానీ ఆ క్షణంలో నాకు ఎక్కడలేని పంతం వచ్చింది. ఈ మీసం మొలిపించకపోతే నేను డాక్టర్నే కాదనుకున్నాను.

స్వామి జుట్టు

"రేపే చేద్దాం" అన్నాను. బోనాలకు ఇంకా బోలెడు సమయం ఉంది. గడ్డం కింది వెంట్రుకలు మీసానికి బాగా కలుస్తాయి గానీ, అతనికి అక్కడ పలచన. తల వెనక జుట్టు నుంచి తీయాలి.

అంజమ్మ లేచి నిలబడింది. "జుట్టు ముట్టొద్దు. అది గుట్ట నర్సింహస్వామిది."

ఎయిర్‌పోర్టులో నౌకరి వస్తే కొడుకు తలనీలాలు ఇస్తానని ఆమె మొక్కుకుంది. నౌకరి వచ్చింది. అప్పటి నుంచి కత్తెర తగలకుండా పెంచింది. ఆ బారెడు జుట్టు అందుకే. ఒక్క వెంట్రుక తీసినా స్వామి సొమ్ము దొంగిలించినట్టే.

"అయితే రేపే గుట్టకు పోయి ఇచ్చి రాండ్రి!"

"జాతరకు ఇస్తనని మొక్కిన. జాతర పాల్గుణంల."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నాటిన వెంట్రుక అలా పెట్టగానే పెరగదు. ముందు రాలుతుంది, తర్వాత మూడు నాలుగు నెలలకు మొలక వస్తుంది, నిండుగా కావడానికి ఏడాది. ఇప్పుడు చేస్తే బోనాలకు మంచి మీసం ఉంటుంది. ఫాల్గుణం దాకా ఆగితే మొలక వస్తుందో రాదో కూడా చెప్పలేను. ఇదంతా వేళ్లు మడిచి మరీ చెప్పాను. అంజమ్మ కదల్లేదు.

మర్నాడు నర్సింలు ఒక్కడే వచ్చాడు. "అమ్మకు చెప్పకుండ ఎనక నాలుగు తీయుండ్రి మేడం. జుట్టు మీద పడుతది, ఎవరికి తెలుస్తది?" మా పెద్దసారైతే వెంటనే బల్ల మీదికి ఎక్కించేవారు. జుట్టు అతనిది, అతను మేజరు, సంతకం పెడతానంటున్నాడు. చట్టం నా వైపే ఉంది.

నేను చేయనన్నాను. దేవుడికి భయపడి కాదు, అంజమ్మకు భయపడి. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. మన పనిలో రోగి ఒక్కడే ఉండడు. నాటిన వెంట్రుకలు రాలే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఇంట్లో ఒక దొంగతనం దాగి ఉంటే, తప్పంతా దాని మీదికే పోతుంది. ఆ తల్లి మోస్తున్న గ్రహణం మీద ఇంకో గ్రహణం నేను పెట్టలేను. "అమ్మతోనే రా, గుండుతోనే రా" అని పంపేశాను. ఆ చలికాలమంతా నాకు మనసు మనసులో లేదు. పంచాంగం చూసుకోవడం మా ఇంట్లో పండగలకు కూడా అలవాటు లేదు, అలాంటిది ఫాల్గుణం ఎప్పుడొస్తుందా అని నేను పంచాంగం కొన్నాను.

ముక్కు కింద పని

జాతర అయిన పది పన్నెండు రోజులకు నర్సింలు వచ్చాడు. టోపీ తీసేసరికి నేను గట్టిగా అరిచినంత పని చేశాను. గుండు మీద గరుకు గరుకుగా మొలకలు. ప్రతి వెంట్రుక ఏ దిక్కుకు వాలిందో దీపం పెట్టినట్టు కనబడుతోంది. అసలు మేము చేసేదే అది, తీసేచోట పొట్టిగా గొరిగి దిక్కు చూసుకోవడం. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న మొక్కు నా పనిలో సగం చేసిపెట్టింది. కల్యాణకట్టలో గుండుతోపాటు మీసం కూడా తీశారు. అదీ ఇప్పుడు చిన్నగా మొలుస్తోంది. మచ్చకు రెండు పక్కలా ఆ మొలకలు ఎటు వాలాయో నా కుదుళ్లూ అటే వాలాలి. ఇంత చక్కటి గీతలు గీసిన నేల నాకు ఎప్పుడూ దొరకలేదు.

పై పెదవికి మత్తు సూది ఇస్తే ఎంత గట్టివాడికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అయ్యో అనకండి, ముందే చెప్పండి. ఇంకొకటి తుమ్ము. ముక్కు కింద పనిచేస్తుంటే తుమ్ము రావడం ఖాయం. ఒక్క తుమ్ముకు పెట్టినవన్నీ బయటికి వస్తాయి. నాతో మొదటి నుంచీ పనిచేసిన రజియా కుదుళ్లు అందిస్తూ నర్సింలు ముక్కు రెక్కల మీదే ఒక కన్నేసి ఉంచింది. అవి అదిరితే చాలు, "ఆగుండ్రి!" అనేది. నేను చేయి తీసేసేదాన్ని. అతను తుమ్మేవాడు. మళ్లీ మొదలు.

మచ్చ చర్మం గట్టిగా ఉంటుంది, రక్తం తక్కువ. ఒత్తుగా నాటితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పలచగా, ఓపికగా, చర్మానికి దాదాపు ఆనించి ఒక్కొక్కటే దించాను. సాయంత్రానికి నా మెడ వంగనన్నది గానీ, లోపల మాత్రం ఉగాదికి కొత్తబట్టలు కట్టుకున్న చిన్నపిల్లలా ఉంది. అన్నీ బతకవు, ఇంకోసారి నాటాల్సి రావచ్చు, నెలలోపే రాలిపోతాయి, అది మామూలే అని తల్లికీ కొడుక్కూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు. వారం పాటు నవ్వొద్దు, గంజి చెంచాతో తాగాలి అన్నాను. "నవ్వుడు నాకు అలవాటే లేదు మేడం" అన్నాడు నర్సింలు.

పసుపు గుడ్డ

విన్నది వేరు, చూసింది వేరు. మూడు వారాలకు అంజమ్మ ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. కొంగు ముడి విప్పి పసుపు అద్దిన గుడ్డ నా బల్ల మీద పరిచింది. అందులో చిన్న చిన్న వెంట్రుకలు. కొడుకు పెదవి మీద నుంచి రాలినవన్నీ దిండు మీదా, రుమాలు మీదా ఏరి దాచిపెట్టింది.

"ఒక్కటి గూడ పోనియ్యలే. మళ్ల నాటుండ్రి" అంది.

నేను నవ్వబోయి ఆగాను. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"నాకు సమజైంది డాక్టరమ్మా. గుండు కొడితే పైనున్నదే స్వామికి పోయింది. లోపల కుదురు ఉండిపాయె. ఆ కుదురు గూడ స్వామిదే గదా! మనం గదాన్నే తీసి పెట్టినం. గందుకే స్వామి ఎనకకు గుంజుకున్నడు. అప్పుడు గ్రాణంల తిరిగిన, ఇప్పుడు దేవుని సొమ్ము పెట్టిచ్చిన. వీని మొకానికి రెండుసార్లు నేనే అడ్డమొచ్చిన."

వెంట్రుక రాలే దశ, మొలిచే దశ అని గోడ మీది బొమ్మ చూపిస్తే ఆమె గోడను చూస్తుంది, అంతే. నేను కుర్చీ ఆమె పక్కకు లాక్కుని అడిగాను. "అక్కా, మీరు పంట ఇంటికొచ్చినంక మొదటి వడ్లు దేవునికి పెడ్తరా?"

"పెట్టకుంటెట్ల?"

"వడ్లు పెడ్తరు. మడి గూడ రాసిస్తరా?"

"మడి ఎట్లిస్తం? మళ్ల ఏడాది ఏం పండిస్తం?"

"కుదురు గూడ గంతే. పైన కోసింది స్వామిది. అది ఇచ్చినవ్, మొక్కు తీరింది. కుదురు మడి అసొంటిది, నీ కొడుకుది. ఇప్పుడు రాలింది గూడ పైదే. కుదురు లోపల పండుకొని ఉన్నది."

"నిజంగ ఉన్నదా?"

"చాలా మటుకు ఉన్నది. అన్నీ ఉన్నయని అబద్ధం చెప్ప."

ఆ చివరి మాటే ఆమెకు ధైర్యమిచ్చిందనుకుంటాను. గుడ్డ మడిచింది. "అయితే ఇవి ఏం చెయ్యాలె?" అంది. "పారే నీళ్లల్ల ఏసెయ్" అన్నాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మడి రాసిస్తరా అంట! దవాఖానల కూసొని ఏం మాటలమ్మా" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రోగి ఏది నమ్ముతున్నాడో అడగకుండా ధైర్యం చెప్పకండి. అంజమ్మ భయం వెంట్రుకలు రాలాయని కాదు, తన తప్పు వల్లే రాలాయని. అది బొమ్మలు చూపిస్తే పోయే భయం కాదు.

బోనాలు

ఆ వేసవిలో నేను మనిషిని కాను. నర్సింలు వారానికొకసారి ఫొటో పంపేవాడు, నేను వేళ్లతో సాగదీసి చూసేదాన్ని. ఏమీ లేదు. మళ్లీ ఏమీ లేదు. ఆషాఢం రాబోతుండగా ఒక పొద్దున ఫొటో బదులు ఫోనే వచ్చింది. "మేడం, గరుకు తాకుతుంది!" అన్నాడు. "ఏందీ?" అని అరిచాను. "మచ్చ మీద! గరుకు!" రజియా చేతిలో పళ్లెం కింద పెట్టేసి నా భుజం పట్టుకుని ఊపింది. ఆ రోజు బయట కూర్చున్న వాళ్లకు మేమిద్దరం ఎందుకు అరుస్తున్నామో అర్థం కాలేదు, ఒకాయనైతే నీళ్ల సీసా అందించాడు.

వాళ్ల ఊరి బోనాలకు నన్నూ రజియానూ పిలిచారు. ఇంటి ముందు పసుపు పూసుకుని నిలబడ్డ నర్సింలును దగ్గరగా చూశాను. నిజం చెప్పాలి. మీసం నిండలేదు. మచ్చ మీద కొన్ని కుదుళ్లు చచ్చిపోయాయి. బతికినవి పొట్టిగా, పలచగా ఉన్నాయి. కానీ దిక్కు తప్పలేదు, పక్క మీసంలో కలిసిపోయాయి. ఖాళీ అన్నది మాత్రం లేదు. తండ్రి కర్ర ఊతంతో వచ్చి కాటుక భరిణె చాపాడు. "జరంత దిద్దుకో బిడ్డా, నిండుగ కొడుతది."

"వద్దు బాపు."

డప్పులు లేచాయి. నర్సింలు కొరడా ఝళిపించి దూకాడు. గజ్జెలు, డప్పు, ఈలలు, వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్లు. నేను ఈ వయసులో చెప్పులు చేతబట్టుకుని పక్కనే పరిగెత్తాను. కొంతసేపటికి అతని ఒళ్లంతా చెమట, పసుపు కారి పొట్ట మీద చారలు కట్టింది. పరిగెడుతూనే అతని పై పెదవి వైపు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఏమీ కాదని నాకు తెలుసు, నాటింది నేనే కదా, అయినా భయం.

గుడి మలుపులో గుంపులోంచి ఒక ముసలామె అంది, "మళ్ల కాటుకే పెట్టిండు సూడుండ్రి. ఇప్పుడు కారుతది."

అంజమ్మ నెత్తిన బోనం పక్కనున్నామెకు అందించి, గుంపును చీల్చుకుని వచ్చింది. కొడుకు మెడ పట్టుకుని వంచింది. కొంగు తీసి ఆ మచ్చ మీద, అందరి ముందూ, అంట్లు తోమినట్టు రుద్దింది. "మీసం మీద రుద్దొద్దక్కా!" అని అలవాటుగా అరిచాను. ఎవరికి వినబడుతుంది! ఆమె కొంగు చివర పైకెత్తి నాలుగు దిక్కులా చూపించింది. పచ్చగా పసుపు. నలుపు చుక్క లేదు.

"పోతలేదు! సూడుండ్రి, పోతలేదు! ఇది కాటుక గాదు, నా కొడుకు మీసం!"

ఆమె గొంతు డప్పును దాటింది. ముసలామె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నర్సింలు నోటికి చేయి అడ్డం పెట్టుకోలేదు. నేను మొదటిసారి అతని పళ్లు చూశాను. కొరడా ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేయి మీసం మీదికి పోనిచ్చాడు. మెలేయడానికి ఇంకా అంత పొడవు లేదు. అయినా మెలేశాడు.